గొల్లకావడి కింద ఎర్ర మబ్బు

పదకొండేళ్లుగా ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్నాను. ఏటా వానాకాలంలో పరమాణు నిర్మాణం పాఠం వస్తుంది. బోర్డు మీద హైడ్రోజన్ వర్ణపటం గీస్తాను. లైమన్ శ్రేణి, బామర్ శ్రేణి, పాశ్చన్ శ్రేణి. బామర్ దగ్గరికి రాగానే ఎర్ర సుద్దముక్క తీసుకుని నిలువుగా ఒక గీత గీసి, పక్కన 656.3 నానోమీటర్లు అని రాస్తాను. ఎలక్ట్రాన్ మూడో కక్ష్య నుంచి రెండో కక్ష్యకు దిగినప్పుడు బయటికొచ్చే వెలుగు అది. ఆ వెలుగును నేను మాత్రం ఎప్పుడూ చూడలేదు. నేను చదివిన కాలేజీలోనూ, ఇప్పుడు చెప్తున్న కాలేజీలోనూ హైడ్రోజన్ డిశ్చార్జి ట్యూబు లేదు. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నాను, అదే బొమ్మ గీసి నేర్పుతూ వచ్చాను.

మొదటిసారి దాన్ని చూసింది 2023 డిసెంబరులో, వనస్థలిపురంలో మా మేడ మీద. మా ఆడపడుచు కొడుకు తన పాత కెనాన్ 700డీ అమ్మేస్తానంటే 16 వేలకు తీసుకున్నాను, కాలేజీ ఫంక్షన్లకు పనికొస్తుందని. అమావాస్యకు ఒక రోజు ముందు, రాత్రి పది దాటాక ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వెళ్లాను. తూర్పున మూడు చుక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మమ్మ వాటిని గొల్లకావడి అనేది. కెమెరా తెచ్చి, పిట్టగోడ మీద ట్రైపాడ్ ఆనించి, ఉన్న లెన్సునే 55 ఎంఎంకి లాగి రెండు సెకన్లు తీశాను. ఫొటోలో ఆకాశమంతా మురికి నారింజ రంగు. కానీ మూడు చుక్కల కింద చిన్నగా వేలాడే వరసలో, నడిమి చుక్క మాత్రం చుక్కలా లేదు. తడిసిన కాగితం మీద సిరా బొట్టు పాకినట్టు ఉంది. తెర మీద పెద్దది చేసి చూస్తే గులాబీ రంగు.

అది ఎం42, ఒరాయన్ నెబ్యులా. నక్షత్రాలు పుట్టే వాయువు, దుమ్ము మేఘం. మన లెక్కలో మృగశిర, ఆర్ద్ర ఉన్న చోటే. దాదాపు 1,340 కాంతి సంవత్సరాల దూరం. నా కెమెరాలో పడిన ఆ వెలుగు బయల్దేరినప్పుడు వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. అక్కడ కొత్తగా పుట్టిన నక్షత్రాల అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్లీ ప్రోటాన్‌ను చేరి, కక్ష్య తర్వాత కక్ష్య దిగుతూ వస్తాయి. మూడు నుంచి రెండుకు దిగే దగ్గర ఆ ఎరుపు. బోర్డు మీద నేను గీసిన గీతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇంకా ఎక్కువసేపు తీస్తే ఇంకా బాగా వస్తుందనుకున్నాను. పది సెకన్లు పెడితే రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, నగరం వెలుగుకు ఫ్రేమంతా తెల్లబారిపోయింది. రెండు, చుక్కలు గీతలయ్యాయి. రెండోది లెక్క కాబట్టి కాగితం తీసుకున్నాను. భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సూటిగా ఆకాశంలో ఊహించుకునే రేఖ) దగ్గరి నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతాయి. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. గొల్లకావడి సరిగ్గా ఆ రేఖ పక్కనే ఉంది. నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ 4.3 మైక్రాన్లు, దానికి 50 ఎంఎం లెన్సు పెడితే ఒక పిక్సెల్ దాదాపు 18 ఆర్క్‌సెకన్ల ఆకాశాన్ని చూస్తుంది. అంటే రెండున్నర సెకన్లలో చుక్క రెండు పిక్సెళ్లు దాటుతుంది. ఫొటోగ్రాఫర్లు చెప్పుకునే 500 సూత్రం ప్రకారం ఈ కెమెరాకు, ఈ లెన్సుకు ఆరు సెకన్ల దాకా పెట్టొచ్చు. ఆరు సెకన్లలో చుక్క అయిదు పిక్సెళ్లు సాగుతుంది. చిన్న సైజులో చూసుకుంటే తెలియదు, పెద్దది చేస్తే వడ్లగింజలా ఉంటుంది. సూత్రం కన్నా మన కెమెరా పిక్సెల్ లెక్క వేసుకోవడమే నయం.

మరి రెండున్నర సెకన్లలో ఏం వెలుగు వస్తుంది? 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ ఇదే నెబ్యులాను తీశాడు. ఒక నెబ్యులాను ఫొటో తీయడం ప్రపంచంలో అదే మొదలు. ఆయన తన టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పుతూ 51 నిమిషాలు వెలుగు పట్టాడు. నా దగ్గర తిప్పే యంత్రం లేదు. కానీ ఆయనకు లేనిది నాకు ఒకటుంది. వందల ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు తీయొచ్చు.

ఈ సగటు సంగతి కెమిస్ట్రీ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. టైట్రేషన్‌లో బ్యూరెట్ రీడింగ్ ఒకటే తీసుకుని వదిలేయం కదా. మూడు నాలుగు తీసి సగటు వేస్తాం. చేతి వణుకు, కంటి పొరపాటు అటో ఇటో పోతుంటాయి కాబట్టి సగటులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫొటోలో గరగరలాడే నాయిస్ కూడా అంతే. నాలుగు ఫ్రేములు పేరిస్తే నాయిస్ సగమవుతుంది, పదహారు పేరిస్తే నాలుగో వంతు. ముందంతా లాభం త్వరగా కనబడుతుంది, పోనుపోను ఒక్కో మెట్టుకూ నాలుగింతల ఓపిక కావాలి. అయితే వాడే నీళ్లలోనో, ఇండికేటర్‌లోనో లోపముంటే ఎన్నిసార్లు తీసినా అదే తప్పు వస్తుంది. దానికి కొలవాల్సిన పదార్థం లేకుండా బ్లాంక్ టైట్రేషన్ చేసి ఆ విలువ తీసేస్తాం. ఇక్కడ బ్లాంక్ అంటే డార్క్ ఫ్రేములు. లెన్సుకు మూత పెట్టి, అదే చలిలో, అంతే సేపు, అదే ఐఎస్‌ఓలో ముప్ఫై ఫొటోలు. ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. సెన్సర్ తన వేడికి తాను పుట్టించుకునే చుక్కలు అందులో దొరుకుతాయి. లెన్సు అంచుల్లో చీకటి, సెన్సర్ మీద దుమ్ము పోవడానికి ఫ్లాట్ ఫ్రేములు, అంటే అంతటా ఒకేలా ఉన్న వెలుగుకు తీసిన ఫొటోలు. ఇవి అక్కర్లేదులే అనుకుని మొదట్లో మానేసేవాళ్లు ఎక్కువ. నేను మానలేదు. బ్లాంక్ తీయకుండా ఫలితం రాసే అలవాటు లేదు నాకు.

నగరం వెలుగుకు మాత్రం ఏ లెక్కా పనిచేయదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు వచ్చింది. పలు దేశాల వేధశాలలు కలిసి ఆకాశానికి ఫొటో పటం గీయాలని పూనుకున్నప్పుడు, అందులో కొంత భాగం హైదరాబాదు వంతు పడింది. ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ అనే ఫొటో టెలిస్కోపుతో గాజు పలకల మీద ఏళ్ల తరబడి తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి, అచ్చు వేశారు. బేగంపేటలో నిలబడి! ఇప్పుడు అక్కడ నిలబడి తలెత్తితే చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగిన చుక్కలుంటాయి. వేధశాల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ఊరి మీద గర్వం, దిగులు రెండూ కలుగుతాయి. పాత సోడియం దీపాలైతే పసుపు రంగు ఒక్కటే ఎక్కువ ఇచ్చేవి, దాన్ని అడ్డుకునే ఫిల్టరు పెట్టుకోవచ్చు. తెల్ల ఎల్‌ఈడీలు అన్ని రంగులూ చల్లుతాయి. వాటికి దూరం పోవడం తప్ప దారి లేదు.

మాకు దూరం అంటే అమ్మమ్మ ఊరు. అచ్చంపేట దాటాక, నల్లమల అంచున. వెళ్లే రోజు చూసుకోవడానికి పంచాంగం కన్నా మంచి పుస్తకం లేదని అప్పుడే తెలిసింది. కృష్ణపక్షం దశమి దాటాక పొద్దుగూకి నడిరాత్రి దాకా చీకటే. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు, అందుకే ఆ నెలకు ఆ పేరు. కాబట్టి ఆ వారంలో కృత్తికలను ఫొటో తీయలేం. దీపావళి అమావాస్యే గానీ పొగ. వానాకాలం నాలుగు నెలలు ఎలాగూ పోయినట్టే. కార్తీకం నుంచి మాఘం దాకా వచ్చే అమావాస్యలే మనకు మిగిలేవి. 2024లో అదృష్టం కలిసొచ్చింది. మార్గశిర అమావాస్య జనవరి 11న, వెంటనే సంక్రాంతి సెలవులు.

12వ తేదీ రాత్రి మామ, నేను పొలం కల్లంలో ట్రైపాడ్ పెట్టుకున్నాం. అప్పటికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను. ఇంత తక్కువ ధరలో ఇంత వెలుగు పట్టే లెన్సు దొరకడం అరుదు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 2.8కి తగ్గిస్తే అంచుల్లో చుక్కలు కూడా సర్దుకుంటాయి. దూరంగా సబ్‌స్టేషన్ లైటు మీద ఆటోఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి మొదలుపెట్టాను. చలికి అమ్మమ్మ గొంగడి కప్పుకుని వచ్చి కూర్చుంది.

"గవి పిల్లలకోడి బిడ్డా," అంది కృత్తికలను చూపించి. "కోడి ఎనక పిల్లలు పోతున్నట్టు లేవా? గటు మూల ముసలమ్మ మంచం ఇంకా లేవలే. మంచం లేసినంక తెల్లారుడే."

ముసలమ్మ మంచం అంటే సప్తర్షులు. నాలుగు మంచం కోళ్లు, వాటి వెనక దాన్ని ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగలు. స్టెల్లేరియం అనే ఆకాశపటం ప్రోగ్రాం చూసి నేను నేర్చుకున్నదంతా ఆమెకు చిన్నప్పుడే వచ్చు. మామ చేతిలో బైనాక్యులర్ తీసుకుని గొల్లకావడి కిందకు చూసి, "పొగ లెక్క ఉందే" అంది. ఆమె చూసింది సరిగ్గా అదే. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే కణాలకు ఎరుపు దాదాపు తెలియదు. కంటికి పొగ, కెమెరాకు నిప్పు.

ఆ రాత్రి మూడు వందల ఫొటోలు తీశాను. పొద్దున ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే ప్రతి చుక్కా సగ్గుబియ్యం గింజంత ఉంది. ఆటోఫోకస్ సబ్‌స్టేషన్ లైటుకు సరిపోయింది, నక్షత్రానికి సరిపోలేదు. కెమెరా వెనక తెర మీద చిన్న బొమ్మలో అన్నీ నిక్కచ్చిగానే కనబడ్డాయి, ఒక్కసారి కూడా పెద్దది చేసి చూసుకోలేదు. ఏడుపొచ్చింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంటే అది ఫోకస్ గురించే. కెమెరా తెర మీద లైవ్ వ్యూ పెట్టి, సిరియస్ లాంటి గట్టి చుక్కను పదింతలు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ తిప్పాలి. చుక్క చిన్నదవుతూ వచ్చి మళ్లీ పెద్దదవడం మొదలుపెడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న చోటు పట్టుకోవాలి. సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు, పక్కన అంతవరకూ లేని చిన్న చుక్కలు తెర మీద తేలడం. తర్వాత ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడాలి. రాత్రి చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది కాబట్టి అరగంటకోసారి మళ్లీ చూడాలి. తర్వాత బహ్తినోవ్ మాస్కు అని ఒకటి తెప్పించుకున్నాను. గాట్లు కోసిన మూత. లెన్సు ముందు పెడితే చుక్క చుట్టూ మూడు గీతలు పడతాయి, నడిమి గీత సరిగ్గా మధ్యలోకి వస్తే ఫోకస్ కుదిరినట్టు. చాలా చవక, నా దగ్గరున్న సామానులో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

మర్నాడు రాత్రి మళ్లీ వెళ్లాను. రెండున్నర సెకన్లు, ఐఎస్‌ఓ 1600, మూడు వందల ఫ్రేములు, కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే రా ఫార్మాట్‌లో. ఆకాశం జరిగిపోతుంటే ప్రతి నాలుగైదు నిమిషాలకూ గొల్లకావడిని మళ్లీ ఫ్రేము మధ్యకు తేవాలి. అన్నీ కలిపితే పన్నెండున్నర నిమిషాల వెలుగు. తెల్లారాక లెన్సు మీద మామ తెల్ల ధోవతి రెండు మడతలు బిగించి, తూర్పు ఆకాశం వైపు పెట్టి ఫ్లాట్లు తీశాను. పేర్చడానికి సిరిల్ అనే ప్రోగ్రాం వాడాను, ఉచితమే. నా పాత ల్యాప్‌టాప్‌కు రెండు గంటలు పట్టింది. వచ్చిన బొమ్మ నల్లగా ఉంది. భయపడకూడదు, అది నల్లగానే ఉంటుంది. వెలుగంతా అడుగున, చాలా సన్నటి పట్టీలో ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా సాగదీస్తూ పోవాలి. సాగదీస్తుంటే నల్లటి దాంట్లోంచి ముందు చుక్కలు, ఆ తర్వాత మధ్యన పువ్వులాంటిది, దానికి అటూ ఇటూ రెక్కలు విచ్చుకుంటూ వచ్చాయి. అంచులు గులాబీ. నడుమ కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చ.

ఆ ఆకుపచ్చకు కూడా ఒక కథ ఉంది. 1864లో విలియం హగ్గిన్స్ అనే ఆయన నెబ్యులాల వెలుగును వర్ణపటంగా విడగొట్టి చూస్తే, భూమి మీద ఏ మూలకానికీ సరిపోలని ఆకుపచ్చ గీతలు కనబడ్డాయి. కొత్త మూలకమేమోనని దానికి నెబ్యులియం అని పేరు కూడా పెట్టారు. ఆవర్తన పట్టిక నిండుతూ వచ్చింది, నెబ్యులియానికి మాత్రం గడి దొరకలేదు. చివరికి 1927లో ఐరా బోవెన్ తేల్చాడు. అది మనం పీల్చే ఆక్సిజనే, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది. మన ల్యాబులో తీయగలిగిన శూన్యం కన్నా ఎంతో పలచగా ఉన్న చోట మాత్రమే ఆ వెలుగు పుట్టే తీరిక ఆ అయాన్‌కు దొరుకుతుంది. కాస్త దట్టంగా ఉంటే ఈలోపే మరో కణం వచ్చి గుద్దుకుని ఆ శక్తిని లాగేసుకుంటుంది. 2024 నుంచి ఈ సంగతి మా పిల్లలకు చెప్తున్నాను. పరీక్షలో రాదు, అయినా చెప్తాను.

ఇక ఆకాశంతో పాటు తిరిగే యంత్రం. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ అనే ట్రాకర్‌ను ఆ ఎండాకాలంలో వాడినది 27 వేలకు కొన్నాను. కెమెరా కన్నా ఇదే ఎక్కువ. అయినా టెలిస్కోపు కొనకుండా దీన్ని కొన్నందుకు ఈనాటికీ సంతోషిస్తాను. ఇది 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున కెమెరాను తిప్పుతుంది. దాని ఇరుసు ఖగోళ ధ్రువానికి, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుందో ఆ బిందువుకు, సూటిగా ఉండాలి. ఇందులో మన దక్షిణాది వాళ్లకు ఒక తంటా ఉంది, విదేశాల వాళ్లు రాసిన పాఠాల్లో అది కనబడదు. ధ్రువ నక్షత్రం మన అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాదులో 17 డిగ్రీల పైచిలుకు, అమ్మమ్మ ఊళ్లో ఇంకా తక్కువ. అంటే పక్కింటి వాటర్ ట్యాంకు చాలు కప్పేయడానికి. మా మేడ మీద నుంచి నాకు ఒక్క రాత్రి కూడా కనబడలేదు. ఊళ్లోనైతే ఉత్తరాన నూరు కిలోమీటర్ల అవతలి హైదరాబాదు వెలుగు తెల్లటి గొడుగులా లేస్తుంది, ధ్రువుడు సరిగ్గా ఆ గొడుగు మీద ఉంటాడు. ఇరుసు దాదాపు నేలబారుగా వంగుతుంది కాబట్టి బరువు కట్టిన కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కాళ్లు అడ్డం రాకుండా పెట్టుకుని, కెమెరా బిగించాక నాలుగు దిక్కులా ఒకసారి తిప్పి చూసుకోవాలి.

ధ్రువుడు కదలడని చిన్నప్పుడు కథ విన్నాం. నిజానికి ధ్రువ నక్షత్రం కూడా ధ్రువం చుట్టూ చిన్న సున్నా చుడుతుంది. ధ్రువానికి దాని దూరం పూర్ణచంద్రుడి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. ఆ వేళకు ఆ సున్నాలో ఎక్కడుందో ఫోన్‌లో యాప్ చూపిస్తుంది, ట్రాకర్‌లోని చిన్న దుర్బిణిలో గడియారం ముల్లులా అక్కడికి తెచ్చుకోవాలి. దీనికి మోకాళ్ల మీద కూర్చోవాలి. మొదట నలభై నిమిషాలు పట్టేది. ఇప్పుడు పది. ఈ తంటాకు బదులుగా మనకు దక్కేది కూడా పెద్దదే. మృగశిర మన నడినెత్తికి దగ్గరగా ఎక్కుతుంది. లండన్ వాళ్లు ఇళ్ల కప్పుల మీదుగా మసకలో వెతుక్కునే గొల్లకావడిని మనం చలికాలమంతా తలెత్తి చూస్తాం.

2024 చలికాలం చాలావరకు చేజారింది. కార్తీక అమావాస్యకు శని, ఆదివారాలు కలిశాయని వెళ్తే ఫెంగల్ తుపాను మబ్బులు. 2025 సంక్రాంతి సెలవులకు సరిగ్గా పౌర్ణమి. చివరికి జనవరి 26న కాలేజీలో జెండా వందనం అయ్యాక ఎంజీబీఎస్‌కు పోయి అచ్చంపేట బస్సెక్కాను. మర్నాటికి సీఎల్ పెట్టాను. 135 ఎంఎం లెన్సు రెండు రోజులకు అద్దెకు తెచ్చుకున్నాను.

ఊరికి చేరేసరికి మామ మొహం బాగోలేదు. మా కల్లం పక్క దారికి కొత్తగా ఎల్‌ఈడీ లైటు పడింది. తెల్లటి వెలుగు, పైకి మూత లేకుండా, మా చింతచెట్టు కొమ్మల్లోకి కూడా కొడుతోంది. ఆడవాళ్లు నీళ్లకు పోయే దారి, లైటు వద్దనలేను. మామ పంచాయతీ కారోబార్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన నా సామానంతా చూసి, "ఒక్క రాత్రికే గదా మేడం, తొమ్మిదింటికి బంద్ పెడ్త" అన్నాడు. అన్నట్టే తొమ్మిదికి వచ్చి స్తంభం దగ్గర తీసేశాడు. తీసిన రెండు నిమిషాలకు ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగినట్టయింది. ఆయన కూడా ఇంటికి పోకుండా నిలబడ్డాడు. నేను తీసిన మొదటి ఒక నిమిషం ఫ్రేము తెర మీద చూపిస్తే, "గిది మన ఊరి మీదనే ఉన్నదా?" అన్నాడు.

ఆ రాత్రి నిమిషం చొప్పున 170 ఫ్రేములు, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800. ఎం42 నడిబొడ్డు నిమిషంలో తెల్లగా కాలిపోతుంది కాబట్టి దానికోసం విడిగా అయిదు సెకన్లవి ఇరవై. చుట్టూ పల్లి చేలు. అడవి పందులు పడకుండా రైతులు మంచెల మీద కూర్చుని పెద్ద టార్చిలు తిప్పుతుంటారు. అప్పుడప్పుడూ ఆ వెలుగు మా మీదుగా పోయేది. వాళ్ల పంట వాళ్లు కాసుకుంటున్నారు. వంద ఫ్రేముల్లో లేనిది ఒక ఫ్రేములో ఉంటే పేర్చేటప్పుడు ప్రోగ్రామే దాన్ని పక్కన పెడుతుంది, విమానాలు, ఉపగ్రహాలు కూడా అలాగే పోతాయి. నడిరాత్రి దాటాక మంచు. లెన్సు చుట్టూ చుట్టిన వేడి పట్టీకి పవర్ బ్యాంక్ అయిపోయింది, గమనించేలోపు ఇరవై ఫ్రేములు పొగచూరాయి. వాటినీ గాలికి కదిలినవాటినీ తీసేస్తే 146 మిగిలాయి.

హైదరాబాదు వచ్చాక మూడు సాయంత్రాలు పట్టింది. ఎం42 రెక్కలు ఇప్పుడు మబ్బులా పరుచుకున్నాయి. కానీ నేను వెతికింది దానికి పైన, గొల్లకావడి మూడు చుక్కల్లో తూర్పు చివరిదాని పక్కన. అక్కడ నిలువుగా ఒక ఎర్ర తెర ఉంటుంది, అచ్చంగా హైడ్రోజన్ ఎరుపు. దాని ముందు దుమ్ము మేఘం ఒకటి గుర్రం తల ఆకారంలో అడ్డం నిలబడి ఉంటుంది. 1888లో హార్వర్డ్‌లో విలియమీనా ఫ్లెమింగ్ అనే ఆవిడ గాజు పలక మీద దాన్ని మొదట గుర్తుపట్టింది. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టరు 656 నానోమీటర్ల ఎరుపులో నాలుగో వంతును మాత్రమే లోపలికి రానిస్తుంది. మనుషుల మొహాలు సహజంగా రావడానికి పెట్టిన ఫిల్టరు అది. అందుకే నాకు ఆశ తక్కువ. నేపథ్యాన్ని చదును చేసి, చుక్కల వెలుగు తగ్గించి, మెల్లగా సాగదీశాను. ముందు సన్నగా ఎరుపు తేలింది, ఇటుక పొడి చల్లినట్టు. ఇంకొంచెం లాగితే ఆ ఎరుపులో గోరు గిల్లినంత నల్లటి నొక్కు. గుర్రం తల. రాత్రి పన్నెండున్నర అప్పుడు. మా ఆయన్ను లేపి చూపించాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచిన జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు చూసి, అది హైడ్రోజన్ వాయువని గ్రహించాడు. మర్నాడు గ్రహణం లేకుండానే ఆ గీతలను మళ్లీ పట్టుకున్నాడు. ఈ ఏడాది పాఠం చెప్పేటప్పుడు గుంటూరు సంగతీ, అచ్చంపేట పక్క ఊరి ఫొటో, రెండూ తీసుకెళ్లాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, "మేడం, ఆ ఎరుపు బోర్డు మీది ఎరుపేనా?" అని అడిగింది. అవునని చెప్పి, తరంగదైర్ఘ్యం లెక్క ఆమెతోనే బోర్డు మీద చేయించాను.

కెమెరాలో ఆ ఫిల్టరు తీయించాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను. తీయిస్తే ఎరుపు నాలుగింతలు వస్తుంది, మామూలు ఫొటోలకు మాత్రం రంగులు సరిచేసుకోవాలి. ఇంకో రెండు రాత్రుల వెలుగు ఇదే కెమెరాతో కలిపి చూసి, అప్పుడు తేల్చుకుంటాను. మొన్న కార్తీకంలో, సామాను సర్దుతుంటే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. కారోబార్.

"మేడం, ఎల్లుండి అమాస గదా. లైటు ఎన్నింటికి బంద్ పెట్టాలె?"